వాగు దారి పట్టి జలపాతం దాకా

వరంగల్ నుంచి జలపాతాలకు బయలుదేరేవారు ఎక్కువగా అడిగేది ఏ జలపాతం బాగుంటుందని. అంతకంటే ముందు అడగాల్సింది ఎప్పుడు బాగుంటుందని. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వచ్చి జూలై, ఆగస్టు నెలల్లో మన అడవులను ముంచెత్తుతాయి. ములుగు జిల్లాలోని బొగత జలపాతం పొంగిపొర్లే దృశ్యాలు టీవీలో కనిపించేది అప్పుడే, జనం ఎగబడేదీ అప్పుడే. అలాంటి రోజున వెళ్తే ఎర్రటి బురదనీరు, కంచె, ముందు వరుసలో నిలబడ్డవారి గొడుగులు చూసి తిరిగి రావలసిందే. వాగు వెంట ఎగువకు నడవడం, బండలెక్కడం అప్పుడు కుదరవు. ఎవరైనా కుదురుతుందని చెప్పినా మీరు ఒప్పుకోవద్దు.

సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు ఆగండి. నీరు తేటపడుతుంది. రాళ్లు బయటపడతాయి. చెట్ల ఆకులింకా పచ్చగానే ఉంటాయి. ధారలో బలం తగ్గదు, కానీ దాని పక్కన నిలబడి మాట్లాడుకోగలిగినంత నిదానం వస్తుంది. డిసెంబర్ దాటితే చిన్న వాగులు సన్నబడిపోతాయి. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు నెలలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది.

ముందు వాగును ఎంచుకోండి

జలపాతం పేరు విని కాదు, అక్కడికి తీసుకెళ్లే వాగును చూసి ఎంచుకోండి. కొత్తవారికి భీముని పాదం మంచి మొదలు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం సీతానగరం దగ్గర, వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ధార ఎత్తు 70 అడుగుల వరకు ఉంటుంది. నడక తక్కువ, దారి తప్పే భయమూ తక్కువే.

తర్వాత బొగత. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు మండలం వస్తుంది. వరంగల్ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. చీకుపల్లి వాగు ఇక్కడ వెడల్పుగా బండ అంచు మీది నుంచి పడుతుంది. ఎత్తు 30 అడుగులే అయినా వెడల్పు పెద్దది. అటవీశాఖ దారి వేసి, కంచె పెట్టి చూసుకుంటున్న చోటు ఇది. అందువల్ల మీరు ఇక్కడ నేర్చుకోవలసింది ఎక్కడం కాదు, నీటిని చూడటం. ఒక బండ మీద అరగంట కూర్చుని నీరు ఎక్కడ వేగంగా పోతోంది, ఎక్కడ వెనక్కి తిరుగుతోంది, ఎక్కడ కదలనట్టు కనిపిస్తూ లోపల లాగుతోంది గమనించండి. ఈ చదువు ఇక్కడ వచ్చేస్తే మిగతా వాగులన్నిటిలోనూ పనికొస్తుంది.

రెండు రోజుల వీలుంటే ఆదిలాబాద్ వైపు వెళ్లండి. కుంటాల, పొచ్చెర, గాయత్రి మూడూ కడెం నది చుట్టూ ఉన్నవే. నేరడిగొండ మండలంలోని కుంటాల సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా పడుతుంది. కిందికి దిగడానికి వందల మెట్లున్నాయి. దిగేటప్పుడు తేలికే, ఎక్కేటప్పుడు మోకాళ్లు గుర్తుచేస్తాయి. పొచ్చెర ఎత్తులో చిన్నది, 20 మీటర్లే. కానీ దాని కింది మడుగు లోతైనది. చూడటానికి అమాయకంగా ఉంటుంది కాబట్టి కుంటాల కంటే దాని దగ్గరే నేను పిల్లల చేయి గట్టిగా పట్టుకోమంటాను. గాయత్రి దగ్గర మెట్లు, కంచెలు ఆశించవద్దు. కొంత దూరం కాలిబాటలో నడవాలి, చివర దిగుడు ఉంది. మొదటి రెండూ చూశాకే దానికి వెళ్లండి.

పేరులేని ధారలు వెతకాలనే కోరిక కలిగితే భారత సర్వే విభాగం వారి 1:50,000 పటాలు చూడండి. ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) బాగా దగ్గరగా ఉన్నచోట వాగును చూపే నీలిగీత వాటిని అడ్డంగా దాటుతుంటే అక్కడ నీరు దూకుతుందని అర్థం. అయితే పటంలో కనబడిందని అడవిలోకి దూరిపోకూడదు. కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. ఏటూరునాగారం వన్యప్రాణుల అభయారణ్యం. ఇలాంటిచోట్ల అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి, వారు ఒప్పుకుంటేనే వెళ్లండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వాజేడు, వెంకటాపురం మండలాల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల మీద మందుపాతరలు పేలి మామూలు మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలున్నాయి. ఆ వైపు అందరూ నడిచే దారి విడిచి ఒక్క అడుగు పక్కకు వేయకండి. పోలీసులు వద్దన్న గుట్ట జోలికి అసలే పోకండి.

మూడు రోజుల వాన లెక్క

జలపాతం దగ్గర ఎండ కాస్తోందా, వాన పడుతోందా అన్నది అంత ముఖ్యం కాదు. ఎగువన, గుట్టల వెనక, మీకు కనిపించని చోట ఎంత వాన పడిందన్నదే ముఖ్యం. అందుకే బయలుదేరే ముందు మూడు రోజులుగా ఆ మండలంలోనూ, దాని ఎగువ మండలాల్లోనూ పడిన వాన చూడాలి. తెలంగాణలో మండలాల వారీగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు రాష్ట్ర ప్రణాళికా సంస్థ ప్రతిరోజూ ప్రకటిస్తుంది. వాతావరణ శాఖ జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు ప్రయాణం మానుకోండి. పసుపు హెచ్చరిక ఉన్నప్పుడు బొగత లాంటి కాపలా ఉన్నచోటికి వెళ్లవచ్చు, వాగులో నడిచే ఆలోచన మాత్రం వద్దు. అక్టోబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే మళ్లీ వానలొస్తాయి. దసరా సెలవులకు అన్నీ సిద్ధం చేసుకున్నా సరే, ఆ వార్త వింటే వాయిదా వేయండి.

ఎందుకింత పట్టుదల అంటే, 2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరుగు దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం వెళ్లి వారిని రాత్రికి రాత్రి బయటికి తెచ్చింది. మర్నాడు ఉదయానికి 24 గంటల్లో అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. రాష్ట్రంలో అంతకుముందెన్నడూ ఒక్క రోజులో అంత వాన పడలేదు. వెళ్లినవారికి ఉదయం ఆ వాగు మామూలుగానే కనిపించి ఉంటుంది. వెళ్లేటప్పుడు చీలమండ దాకా ఉన్న వాగు వచ్చేటప్పుడు నడుము దాటవచ్చు. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే జాగ్రత్తల్లో సగం మీకు తెలిసినట్టే.

ఊళ్లో ఆగండి

చివరి ఊరు దాటేటప్పుడు బండి ఆపండి. ములుగు వైపు కోయ గూడేలు, ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం గూడేలు ఉంటాయి. అక్కడ పెద్దమనిషి ఎవరైనా కనిపిస్తే నమస్కారం పెట్టి, "నిన్న రాత్రి పైన వాన పడిందా? వాగు దాటగలమా?" అని అడగండి. ఫోనులోని యాప్ కంటే ఈ జవాబు మీద నాకు నమ్మకమెక్కువ. పశువులను తోలుకుని రోజూ ఆ వాగు దాటే మనిషి "ఇయ్యాల వద్దు" అన్నాడంటే వాదించకండి, ఇంకొకరిని అడిగి నచ్చిన జవాబు వెతుక్కోకండి. ఆ మాటే చివరి మాట.

వీలైతే ఊరి యువకుణ్ని ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి, బేరమాడకండి. వారి పొలం వదులుకుని మీతో వస్తున్నారు. దారిలో రాళ్లకు పసుపు, కుంకుమ కనిపిస్తే, చెట్టుకు గుడ్డ ముడి కనిపిస్తే అది వారి దేవుడి చోటు. చెప్పులు విడిచి పక్కనుంచి వెళ్లండి, అడగకుండా ఫోటో తీయకండి. కుంటాల దగ్గర సోమేశ్వరస్వామికి శివరాత్రినాడు జాతర జరుగుతుంది. ఆ నీళ్లు మనకు విహారం, వారికి పూజ. ఇద్దరికీ చోటుంది, సీసా పగలగొట్టేవారికి మాత్రం లేదు.

ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఊళ్లో ఒకరికీ ఇంట్లో ఒకరికీ చెప్పండి. తాడ్వాయి దాటాక అడవిలో చాలాచోట్ల ఫోను పనిచేయదు.

కాళ్లకు, సంచికి

రబ్బరు చెప్పులు, హవాయి చెప్పులు బండిలోనే వదిలేయండి. పట్టు బాగా ఉన్న రబ్బరు అడుగుల బూట్లు వేసుకోండి. తడిసినా పరవాలేదనుకోండి, తడవక తప్పదు. పాచి పట్టిన బండ మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. దానికొక పాత ఉపాయముంది: బూటు పైనుంచి మందపాటి పాత సాక్సు తొడగండి. బట్ట పాచిని పట్టుకుంటుంది, రబ్బరుకు ఆ పట్టు దొరకదు. రెండు జతలు సంచిలో పెట్టుకోండి, ఒక రోజుకే చిరిగిపోతాయి.

సంచిలో టార్చి, ఈల, పదిహేను మీటర్ల గట్టి తాడు, గాయాలకు కట్టుగుడ్డలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. వాగు నీరు ఎంత తేటగా ఉన్నా తాగకండి. ఎగువన పశువులు దిగుతాయి. తినడానికి పులిహోర, పల్లీలు, జొన్నరొట్టె చాలు. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, అందుకే ఫోను మెడకు వేలాడదీయకండి, మూతి గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో లోపల పెట్టండి.

వాగులో నడక

తెల్లవారి ఎనిమిదింటికల్లా వాగు దగ్గర ఉండేలా బయలుదేరండి. చేరగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి, లేదా అంచులోనే ఒక పుల్ల గుచ్చండి. తిరిగి వచ్చేటప్పుడు, మధ్యలో ఆగినచోటల్లా ఇదే చేయండి. నీరు పెరిగిందా తగ్గిందా అని వాదించుకోవలసిన పని ఉండదు.

ఒడ్డు వెంట దారి ఉంటే వాగులోకి దిగకండి. దాటక తప్పనప్పుడు వెడల్పైన చోటు ఎంచుకోండి. ఇరుకైన చోట నాలుగు అడుగులే కదా అనిపిస్తుంది, కానీ అదే నీరు అక్కడ లోతుగా, వేగంగా పోతుంటుంది. నీటి వేగం రెట్టింపైతే అది మీ కాళ్ల మీద వేసే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పారే నీరు మోకాలు దాటితే పెద్దవారైనా ఆగిపోవాలి. అడుగు కనిపించనంత మురికిగా ఉంటే లోతుతో పనిలేదు, దాటకండి. దాటే చోటుకు దిగువన చూడండి: జలపాతపు అంచు గానీ, అడ్డంపడిన చెట్టు గానీ ఉంటే జారినవారు నేరుగా దానిలోకే పోతారు.

దిగేముందు సంచి ఛాతీ పట్టీ, నడుము పట్టీ విప్పేయండి. పడితే సంచిని వదిలించుకోగలగాలి. చేతిలో కర్ర ఉండాలి. ముఖం ఎగువకు తిప్పి, కర్రను ముందు ఆనించి, పక్కకు పక్కకు కాళ్లు జరుపుకుంటూ కొంచెం దిగువకు ఏటవాలుగా దాటండి. కాలు ఎత్తి వేయకండి, నేలకు రాస్తూ జరపండి. ఒక కాలు కుదిరాకే రెండోది కదపాలి. నలుగురుంటే బలమైనవారు ఎగువన నిలబడి, మిగతావారు వారి వెనక భుజాలు పట్టుకుని వరుసగా దాటవచ్చు. ఎవరూ తాడును నడుముకు కట్టుకోకూడదు. ప్రవాహంలో పడినప్పుడు ఆ తాడే మనిషిని నీటి కింద అదిమిపెడుతుంది.

ఒకవేళ కొట్టుకుపోతే నిలబడే ప్రయత్నం చేయకండి. వేగం ఉన్న నీటిలో కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువకు పెట్టి, పాదాలతో రాళ్లను తోస్తూ ఒడ్డువైపు చేతులు ఆడించండి. ఒడ్డున ఉన్నవారు దూకకూడదు. తాడు విసరండి, కర్ర చాపండి, లేకపోతే రెండు చీరలు, లుంగీలు ముడివేసి విసరండి. ఈత వచ్చిన స్నేహితుడు దూకడం వల్ల ఒక చావు రెండయిన వార్తలు మన పత్రికల్లో ఏటా వానాకాలంలో వస్తున్నాయి. చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ రెండో చావు ఆపగలిగినదే.

బండలెక్కడం

దీనికి సాధన జలపాతం దగ్గర చేయకండి. వరంగల్ మనిషికి ఇంటి పక్కనే బండలున్నాయి. పద్మాక్షి గుట్ట మీద పొడి రాతిపై పాదం ఎలా నిలుస్తుందో తెలుసుకోండి. తర్వాత భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు వెళ్లండి. అక్కడిది ఇసుకరాయి. గరుకుగా పట్టు ఇస్తుంది, కానీ అంచులు పెళుసు. పాతకాలపు రాతిచిత్రాలున్న గుట్టలవి, వాటిని ముట్టుకోకండి. ఈ రెండు రకాల రాళ్లూ అలవాటైతే తడిసిన బండను చూడగానే ఎంత నమ్మాలో తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లు కలిపి నాలుగింటిలో మూడు ఎప్పుడూ రాతిని పట్టుకుని ఉండాలి. ఒక్కటే కదలాలి. చేత్తో పట్టే రాయిని ముందు తట్టండి. బోలుగా మోగితే, కదిలితే దాన్ని వదిలేయండి. వేరును పట్టుకునే ముందు లాగి చూడండి. నల్లగా నిగనిగలాడే బండ మీద అడుగు వేయకండి, అది పాచి. బూడిదరంగులో గరుకుగా, ఎండిపోయినట్టు కనిపించే భాగం వెతకండి. బరువు కాలిమీద ఉండాలి, చేతులు నిలుపుకోవడానికే. రాతికి అతుక్కుపోతే పాదం జారుతుంది, నడుము కొంచెం బయటికి పెట్టి నిటారుగా ఉండండి. పైన ఒకరు ఎక్కుతుంటే కింద ఎవరూ నిలబడకూడదు. రాయి జారితే "రాయి!" అని గట్టిగా అరవండి.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది: దిగలేని బండ ఎక్కకండి. ఎక్కేటప్పుడు కళ్ల ముందు పట్టు కనిపిస్తుంది, దిగేటప్పుడు కాలికి కనిపించదు. అందుకే రెండు అడుగులు ఎక్కి, అవే రెండు అడుగులు దిగి చూడండి. దిగగలిగితేనే మళ్లీ ఎక్కండి. నిలువుగా ఉన్నచోట ముఖం రాతివైపు తిప్పి దిగండి. జలపాతపు అంచు మీదికి, అంటే నీరు దూకే చోటికి, ఏ నెలలోనైనా, ఎంత తక్కువ నీరున్నా వెళ్లకండి. అక్కడి బండను నీరు వేల ఏళ్లుగా నునుపు చేసింది. ఫోటో కావాలంటే ఎదురుగా ఉన్న ఒడ్డు నుంచి తీయండి, జలపాతం మొత్తం పడుతుంది కూడా.

కొండ కొమ్ముల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి కింద మంట వేయకండి, అరవకండి, అత్తరు పూసుకుని వెళ్లకండి. తేనెటీగలు లేచాయంటే పరిగెత్తడం తప్ప మార్గముండదు, తడి బండల మీద అదీ కుదరదు.

గుండంలో దిగేముందు

జలపాతం కింద మడుగును గుండం అంటారు. ఏళ్ల తరబడి సుడితిరిగే రాళ్లు అడుగును తొలిచి బానలాగా చేస్తాయి. ఒడ్డు పక్కన మోకాలి లోతు, ఒక్క అడుగు వేస్తే తల మునిగే లోతు. ధార నేరుగా పడేచోట నీరు కిందికి దిగి, అడుగున తిరిగి మళ్లీ ధార కిందికే వస్తుంది. ఆ తిరుగుడులో పడితే ఎంత ఈత వచ్చినవారైనా బయటికి రావడం కష్టం. పైగా నురగనీటిలో గాలి ఎక్కువ, మనిషిని తేల్చే శక్తి తక్కువ. కాబట్టి తెల్లగా నురగ కక్కుతున్న నీటిలో అసలు దిగకండి. కుంటాల, బొగత లాంటిచోట్ల ఈత వద్దని బోర్డులు పెట్టారంటే అంతకుముందు ఏం జరిగిందో ఆలోచించండి.

స్నానం చేయాలనిపించడం సహజం. ధారకు బాగా దిగువన, అడుగు కనిపించే, నీరు మెల్లగా జారే చోటు చూసుకోండి. కర్రతో అడుగడుగునా లోతు చూస్తూ నడుము వరకే దిగండి. పైనుంచి దూకడం వద్దు. నిరుడు లోతుగా ఉన్న చోట ఈసారి వాన కొట్టుకొచ్చిన బండ ఉండవచ్చు. తాగినవారిని నీటి దగ్గరికే రానివ్వకండి. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పగలిగేవారితోనే వెళ్లండి.

వెనుదిరిగే వేళ

మధ్యాహ్నం రెండింటికి, ఎక్కడున్నా, జలపాతం ఇంకా వంద గజాలే ఉందన్నా వెనక్కి తిరగండి. అక్టోబర్ చివరికి సూర్యాస్తమయం ఆరుకు ముందే, లోయలో ఇంకా ముందే చీకటిపడుతుంది. ఉరుముల వర్షాలు ఎక్కువగా వచ్చేదీ మధ్యాహ్నం తర్వాతే. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లకంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. బండ పైనుంచి, ఒంటరి చెట్టు కిందనుంచి, నీటిలోనుంచి వెంటనే బయటికి రండి.

తేటగా ఉన్న నీరు అకస్మాత్తుగా రంగు మారినా, ఆకులు, పుల్లలు, ఎండుకొమ్మలు కొట్టుకురావడం మొదలైనా, ఎగువ నుంచి గంభీరమైన చప్పుడు వినిపించినా సామాను వదిలేసి వెంటనే గట్టు ఎక్కండి. వాగు వెంట దిగువకు పరిగెత్తకండి, నీరు మీకంటే ముందుంటుంది. పక్కకు, పైకి ఎక్కండి. వాగు అవతల చిక్కుకుపోతే దాటే ప్రయత్నం మాని ఎత్తున కూర్చోండి. వాన ఆగాక చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. రాత్రి గడపాల్సి వచ్చినా ఫరవాలేదు. ఫోను పనిచేస్తే 112కు చెప్పండి, లేదంటే ఆగి ఆగి ఈల వేయండి.

పాము కాటేస్తే గాయం కోయకండి, తాడు బిగించకండి, మంత్రం కోసం సమయం పోగొట్టకండి. కాటుపడిన కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి 108కు ఫోన్ చేయండి. రక్తపింజర, కట్లపాము కాటుకు విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. దగ్గరలోని ఆసుపత్రి ఏదో బయలుదేరేముందే తెలుసుకుని ఉంచుకోండి.

ఇంటికి వచ్చాక

తెచ్చిన ప్లాస్టిక్ అంతా, ఎదురైన దానిలోంచి కొంత కూడా, మీతో తిరిగి తెచ్చేయండి. బట్టలు వేడినీటిలో ఉతకండి. చంకలు, నడుము, మోకాళ్ల వెనక పురుగులు పట్టాయేమో చూసుకోండి. వారం, పది రోజుల్లో గానీ, మూడు వారాల లోపు ఎప్పుడైనా గానీ తీవ్రమైన జ్వరం, తలనొప్పి వస్తే, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే సూక్ష్మమైన పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. మామూలు మందులతోనే తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ప్రమాదం. మలేరియా కూడా అదే అడవిలో దొరుకుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫలానా రోజు ఏటూరునాగారం అడవిలోనో, కడెం ఒడ్డునో తిరిగామని మొదటి మాటగా చెప్పండి. ఏ పరీక్షలు చేయాలో ఆయన వెంటనే ఆలోచించగలుగుతారు.